మొదటి విడిది దాకా

గ్లాసులు కడుగుతూ, తల కూడా ఎత్తకుండా టీ కొట్టావిడ అడిగిన ఒక్క మాట దగ్గర పోయినవారం మనం ఆగాం.

"ఏం సార్, ఈసారి అమ్మాయి రాలేదా?"

మందులాయన గబుక్కున నవ్వేశాడు. "ఎవర్ని చూసి ఎవరనుకుందో పాపం" అని భార్యతో అని, బ్యాగు భుజాన తగిలించుకుని ముందుకు నడిచాడు. టైలరమ్మ మాత్రం సగం తాగిన గ్లాసు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

ఇప్పుడే చదవడం మొదలుపెట్టినవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. మందుల షాపు కౌంటరు వెనకే సగం జీవితం నిలబడ్డాడు కాబట్టి వీధిలో అందరికీ ఆయన మందులాయన. మార్కెట్లో ఒంటిగది కుట్టుషాపు నడిపే ఆయన భార్య టైలరమ్మ. వాళ్ళకి ఒక్కతే కూతురు. సన్నగా, ఎప్పుడూ ఏదో వాగుతూ ఉండేది కాబట్టి ఇంట్లో దాన్ని పిట్ట అనేవారు. నాలుగేళ్ళ కిందట ఫార్మసీ చదువు మధ్యలో మానేస్తానని తల్లితో గొడవ పెట్టుకుని ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. అప్పట్నుంచి ఫోను లేదు, కబురు లేదు. బతికుందో లేదో కూడా టైలరమ్మకి తెలీదు.

మోకాళ్ళకి నడక మంచిదని ఈమధ్య డాక్టరు చెప్పాడు. ఆ వంకన మందులాయనే ఈ ప్రయాణం తలపెట్టాడు. కొండల మీదుగా నెలల తరబడి సాగే పొడుగు బాట ఇది. అంతా కాదు, మొదటి విడిది దాకా వెళ్ళి, ఒక రాత్రి పడుకుని వచ్చేద్దామన్నాడు. వీధి చివర కొట్టుకి కూడా స్కూటరు తీసే మనిషి కొండెక్కుదాం అనేసరికి ఆమెకి నవ్వొచ్చింది. "దారి మీకు తెలుసా?" అని అడిగితే, "నాకూ కొత్తే, గుర్తులు చూసుకుంటూ పోవడమే" అన్నాడు.

కొత్తే అన్నాడు. ఆ మాట ఇప్పుడామె చెప్పులో రాయిలా గుచ్చుకుంటోంది.

బాట మొదట్లో చదునుగానే ఉంది. రెండు పక్కలా మోకాలెత్తు గడ్డి. కొంత దూరానికొకటి చొప్పున రాళ్ళ మీద నీలం రంగు గీత గీసుంది. ఆ గీతలు చూసుకుంటూ పోతే తప్పిపోరట. మందులాయన ముందు, ఆమె వెనక. ఆయన బ్యాగు చివర వేలాడుతున్న అల్యూమినియం గ్లాసు అడుగడుక్కీ టంగు టంగుమంటోంది. ఇంకో రోజైతే, "ఆ గ్లాసు లోపల పెట్టండి, చెవులు పోతున్నాయి" అనేది. ఇవాళ అనలేదు.

అమ్మాయి.

ఎవర్నో చూసి ఎవరో అనుకుందా? ఆ టీ కొట్టావిడ ఈయన్ని చూడగానే అడక్కుండానే చక్కెర తగ్గించి టీ పెట్టింది. ఈయన చక్కెర తగ్గించి తాగుతాడని కొత్త మనిషికెలా తెలుస్తుంది?

ఒక్కటి దొరికితే చాలు, మిగతావన్నీ వాటంతటవే వచ్చి వరసలో నిలబడతాయి. ఏటా ఒకసారి కంపెనీ వాళ్ళు పిలిచారని మీటింగుకి వెళ్ళొస్తాడు. వెళ్ళేటప్పుడు ఇస్త్రీ ప్యాంటు, వచ్చేటప్పుడు మెడ మీద ఎండదెబ్బ. ఆ ప్యాంట్లు ఉతికేది ఆమే కదా. వాటి కాళ్ళ అంచుల్లో ముళ్ళగింజలు అతుక్కుని ఉండేవి. ఒకసారి వాటిని ఒక్కొక్కటే పీకుతూ, "మీ మీటింగు హాల్లో గడ్డి మొలిచిందా ఏంటి?" అని అడిగింది. ఆయన పడీ పడీ నవ్వాడు. తన మాటకి అంతలా నవ్వాడని ఆ రోజు మురిసిపోయింది కూడా.

ఇప్పుడు వంగి తన ప్యాంటు అంచు చూసుకుంది. అవే గింజలు.

ఇంకొంచెం పైకెళ్ళాక బాట రెండుగా చీలింది. చీలిక దగ్గర రాయి బోర్లా పడి ఉంది. నీలం గీత ఎటుందో కనపడటం లేదు. వాళ్ళ వెనకే వస్తున్న ఇద్దరు కుర్రాళ్ళు ఆగి, ఫోన్లు తీసి, సిగ్నల్ లేక గుండ్రంగా తిరుగుతున్నారు. మందులాయన ఆగలేదు. కళ్ళజోడు కూడా సర్దుకోకుండా కుడివైపు తిరిగి నడిచాడు. ఇంట్లో హాల్లోంచి వంటింట్లోకి తిరిగినట్టే తిరిగాడు.

ఆమె ఆ అమ్మాయి వయసెంత ఉంటుందో అనుకుంది. షాపులో బిల్లులు కొట్టే పిల్లేమో. ఏం మాట్లాడుకుంటూ నడుస్తారో. తన దగ్గర నోరు విప్పితే కూరలో ఉప్పు గురించో కరెంటు గురించో తప్ప మాట్లాడని మనిషి, ఆ పిల్ల దగ్గర నవ్వుతూ నవ్విస్తూ నడుస్తాడు కాబోలు. నిలదీయాలి. ఎలా నిలదీయాలో నడుస్తూనే లోలోపల మాటలు కూర్చుకుంది. కొన్ని మరీ ఘాటుగా వచ్చాయి. వాటిని ముందు పెట్టుకుంది.

ఎండ నడినెత్తి మీదికొచ్చేసరికి బాట రెండు గుట్టల మధ్య ఇరుకుదారిలో పడింది. మోకాళ్ళు సలుపుతున్నాయి. మందులాయన ఒకచోట ఆగి బ్యాగు దించాడు.

"నీ సీసా ఇటివ్వు. ఆ నల్లరాయి వెనకాల ఊట ఉంది, నింపుకొస్తా."

ఆమె సీసా ఇవ్వలేదు.

"అక్కడ ఊట ఉందని మీకెలా తెలుసు?"

"చప్పుడు వినపడట్లా?"

ఆమె ఆయన్ని దాటుకుని నల్లరాయి వెనక్కి వెళ్ళింది. రాతి పగుల్లోంచి సన్నటి ధార నాచు మీదుగా జారి, కింద చిన్న గుంటలో చేరుతోంది. అరచేతిని నాచుకి ఆనిస్తే తప్ప నీళ్ళున్నట్టు తెలీదు. చిన్న చప్పుడు కూడా లేదు.

వెనక్కొచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"ఎవరా అమ్మాయి?"

ఆయన సీసా మూత తిప్పుతున్నాడు. తిప్పిందే తిప్పుతున్నాడు.

"చూడండి, ఈ వయసులో కొండ మీద కూర్చుని గుండెలు బాదుకునే ఓపిక నాకు లేదు. అరవను. ఏడవను. ఎవరో చెప్పండి చాలు. షాపులో పిల్లేనా? బిల్లులు కొడుతుందే, ఎప్పుడూ గోళ్ళరంగు వేసుకుని ఉంటుంది, ఆ పిల్లేనా?"

"ఛ ఛ! నోరు కడుక్కో!"

"నీళ్ళు చూపించారుగా, కడుక్కుంటాలే. ముందు చెప్పండి."

"అది..." అని ఆగాడు. ఇరుకుదారి రెండువైపులా చూశాడు. ఎవరూ లేరు. "అది మన పిట్టే."

పొద్దుట్నుంచి కూర్చుకున్న మాటల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా ఆమెకి పనికిరాలేదు. పక్కనున్న రాయి మీద కూలబడింది. ఇంకో ఆడదైనా బాగుండేదనిపించింది. ఇంకో ఆడదాన్ని తిట్టుకోవచ్చు. ఎదుటపడితే జుట్టు పట్టుకోవచ్చు. సొంత కూతురు ఏటేటా ఇదే బాట మీద నవ్వుతూ తండ్రి పక్కన నడుస్తుంటే, తను ఇంట్లో కూర్చుని ఆ బాటలోని ముళ్ళగింజలు పీకుతూ ఉంది.

ఆమె నోటినుంచి వచ్చిన మొదటి మాట ఆమెకే వింతగా తోచింది.

"దగ్గు తగ్గిందా దానికి?"

"తగ్గింది. చలికాలం మొదలవగానే మందు పంపిస్తున్నా కదా."

"పంపిస్తున్నారా?"

మందులాయన నాలిక కరుచుకున్నాడు.

"అయితే ఎడ్రసు కూడా ఉంది మీ దగ్గర. పోలీసు స్టేషన్లో ఫొటో ఇచ్చొచ్చిన రోజు నా పక్కనే కూర్చున్నారు. నేను ఏడుస్తుంటే వీపు నిమిరారు. 'ఎక్కడున్నా క్షేమంగా ఉంటుందిలే' అన్నారు. ఎంత ధైర్యంగా చెప్తున్నాడో ఈయన అనుకున్నా. ధైర్యం కాదన్నమాట. తెలుసు."

"అప్పటికింకా తెలీదు. ఆ తర్వాత కొన్నాళ్ళకి అదే షాపుకి ఫోను చేసింది. ఈ బాట బాగుచేసే బృందంలో చేరిందట. మెట్లు పేరుస్తారు, వాననీళ్ళు పోయే కాలవలు తవ్వుతారు. నీకు చెప్పొద్దంది. అమ్మకి చెప్తే నీక్కూడా కనపడను అంది. నన్నేం చెయ్యమంటావ్?"

"ఎందుకు చెప్పొద్దంది?"

"అది నన్నడుగుతావేం? గడప దాటితే మళ్ళీ ఈ ఇంటికి రావద్దు అన్నది ఎవరు? నేనా?"

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. ఆమె తల దించుకుంది. అయితే ఎంతోసేపు కాదు.

"నేనే అన్నాను. మరి అనమన్నది ఎవరండీ?"

"నేను అనమన్నానా?"

"ఫార్మసీ చదివి మీ షాపులో కూర్చోవాలన్నది ఎవరి కోరిక? నేనెప్పుడన్నా అడిగానా? అది చదువు మానేస్తానన్నప్పుడు వంటింట్లోకొచ్చి నా చెవిలో ఏమన్నారు? 'నువ్వు గట్టిగా చెప్పు, నేను చెప్తే నా మీద అలుగుతుంది' అనలా? దాని చిన్నప్పట్నుంచీ ఇంతేగా. సినిమాకి సరేననేది మీరు, పొద్దుపోకముందే రమ్మనేది నేను. ఐస్‌క్రీం మీది, చేదుమందు నాది. మీ మందుల షాపులోంచి తెచ్చిన చేదుమందే. కానీ నోట్లో పోసేది నేను. కూతురికి మంచి నాన్న ఉండాలని, ఎవరో ఒకరు చెడ్డ కావాలని, ఆ కొలత కూడా మీరే తీసి ఆ చొక్కా నాకు తొడిగారు. నేనూ తొడుక్కున్నాను, బుద్ధి లేక."

మందులాయన ముఖం ఎర్రబడింది. "అందుకే కదా ఇప్పుడు తీసుకొచ్చింది! ఊరికే కొండెక్కిద్దామని తీసుకొచ్చాననుకున్నావా? సాయంత్రం అది విడిదికి వస్తుంది. ఏటా కింద టీ కొట్టు దగ్గర కలిసి నడిచేవాళ్ళం, ఈసారి నేనే విడిదిలో ఉండమన్నా. వచ్చే నెలనుంచి దాని బృందం బాట అవతలి కొసకి వెళ్ళిపోతోంది. మళ్ళీ ఎన్నాళ్ళకో. ఒక్కసారి మీ ఇద్దర్నీ కలిపితే..."

"నేనొస్తున్నట్టు దానికి తెలుసా?"

"చెప్పలా. చెప్తే రాదు."

"దానికి చెప్పకుండా నన్ను, నాకు చెప్పకుండా దాన్ని. ఇద్దర్నీ ఒకచోటికి తోలి, కలిపింది నేనేనని మధ్యలో నిలబడతారు. మళ్ళీ మీరే మంచాయన."

ఆమె లేచింది. ఊట దగ్గరికి వెళ్ళి ముఖం కడుక్కుంది. నీళ్ళు చల్లగా, పళ్ళు జివ్వుమనేలా ఉన్నాయి. సీసా నింపుకుంది. ఆయన సీసా ఆయన దగ్గరే ఉంది, నింపుకుంటే నింపుకుంటాడు. కర్ర తీసుకుని ఆయనకంటే ముందు నడిచింది.

వెనక్కి తిరిగి పోవచ్చు కదా అని ఒక్కసారి అనిపించకపోలేదు. చెప్పకుండా వచ్చి ఎదురుగా నిలబడితే పిట్ట ముఖం తిప్పుకుంటే? పొమ్మంటే? అనే హక్కు దానికి ఉంది. అనిపించుకునే ఓపికే తనకి ఉందో లేదో. కానీ కాళ్ళు కొండపైకే పోతున్నాయి. నొప్పి అలాగే ఉంది, లెక్కలోకి రావడం లేదు అంతే.

మధ్యాహ్నం దాటాక ఆకాశం మూసుకుంది. ఆఖరి ఎత్తు దగ్గర బాట నిటారుగా లేచింది. అక్కడ కొత్తగా రాతిమెట్లు పేర్చి ఉన్నాయి. వెనకనుంచి మందులాయన ఆయాసపడుతూ అన్నాడు:

"ఇవి పిట్ట వాళ్ళు పేర్చినవే. పోయినేడు వచ్చినప్పుడు కింద సగమే అయ్యాయి."

ఆమె మెట్టు మీద కాలు పెట్టబోయి ఆగి, వంగి చేత్తో నొక్కి చూసింది. కదల్లేదు. పక్క రాయినీ నొక్కింది. అదీ కదల్లేదు. రాయికీ రాయికీ మధ్య చిన్న ముక్కలు దూర్చి, వేలు పట్టే సందు కూడా లేకుండా బిగించారు. ఇంట్లో ఒక్క గుండీ కుట్టమంటే వేలికి సూది గుచ్చుకుని ఊరంతా వినపడేలా అరిచే పిల్ల ఇది. ఇన్ని రాళ్ళు మోసింది. ఎన్నిసార్లు వేళ్ళు నలిగాయో, అప్పుడు ఎవరికి వినపడేలా అరిచిందో.

ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే కళ్ళు మసకబారాయి. వాన మొదలవడం మంచిదైంది. ముఖం ఎందుకు తడిసిందో ఎవరికీ చెప్పక్కర్లేదు.

విడిది అంటే రేకుల కప్పు వేసిన ఒక్క పొడుగాటి గది. గోడ పొడుగునా చెక్కబల్లలు, వాటి మీద పలుచటి పరుపులు. నడుమ ఇనప పొయ్యి. దాని పైన కట్టిన తాడు మీద ఎవరెవరివో తడిసిన మేజోళ్ళు. తలుపు తోయగానే పొగ, తడి ఉన్ని, కిరసనాయిలు కలిసిన వాసన గుప్పుమంది. రేకుల మీద వాన హోరుకి లోపలి మాటలు బయటికి వినపడవు.

పొయ్యి పక్కన ఒక్కతే కూర్చుని, చిన్న చాకుతో బూట్ల అడుగున బురద గీకుతోంది పిట్ట. జుట్టు మెడ దాకా కత్తిరించుకుంది. భుజాలు వెడల్పయ్యాయి. ఎడమచేతి బొటనవేలి గోరు నల్లగా కమిలి ఉంది.

"నాన్నా! తడిసిపోయావా? చెప్పానా, గొడుగు..."

తండ్రి వెనక నిలబడ్డ మనిషిని చూసింది. పెదాల మీద నవ్వు ఎటూ పోలేక అక్కడే కాసేపు ఉండి, తర్వాత ఆరిపోయింది.

మందులాయన అవసరానికి మించి గట్టిగా తలుపు మూసి, "అబ్బ, ఏం వాన, ఏం వాన" అంటూ చేతులు రుద్దుకున్నాడు. చెక్కబల్ల మీద కూర్చుని బూటు లేసు విప్పడంలో పడ్డాడు.

పిట్ట లేచి, తాడు మీంచి పొడి తువ్వాలు తీసి తల్లికి అందించింది.

"కూర్చోండి. టీ తాగుతారా?"

కూర్చోండి. తాగుతారా. మాటలొచ్చిన నాటినుంచి పిట్ట తల్లిని నువ్వు తప్ప మీరు అని ఎరగదు. షాపుకి బట్టలివ్వడానికొచ్చే కొత్తవాళ్ళతో టైలరమ్మ మాట్లాడే తీరు అది. ఆమె తువ్వాలు తీసుకుంది, తుడుచుకోలేదు.

"మెట్లు బాగా పేర్చావే" అంది.

పిట్ట మళ్ళీ బూటు చేతిలోకి తీసుకుంది.

"నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది" అంది టైలరమ్మ. "గడప దాటితే రావద్దని. ఆ మాటకి నువ్వు..."

"మాటకి కాదమ్మా." ఈసారి అమ్మా అని వచ్చేసింది. వచ్చినందుకు తన మీద తనకే కోపమొచ్చినట్టు చాకు గట్టిగా గీసింది. "మాటలదేముంది, మనింట్లో పూటకో మాట పడేదాన్ని. నేను పట్టించుకున్నది మాట కాదు. తిరిగొచ్చినా తలుపు తియ్యలేదు చూడు, అది."

"తిరిగొచ్చావా?"

"తెలీనట్టు అడక్కు. వెళ్ళినంత సేపు పట్టలేదు కోపం దిగడానికి. వెనక్కొచ్చేశా. వానలో గుమ్మం ముందు నిలబడి తలుపు బాదాను. అమ్మా, అమ్మా అని అరిచాను. ఆ హోరులో వీధిలో ఎవరికీ వినపడలేదు. లోపలున్న నువ్వు కూడా తియ్యలేదు."

"పిట్టా" అన్నాడు మందులాయన, వంచిన తల ఎత్తకుండానే. "ఇప్పుడవన్నీ ఎందుకు తవ్వుకోవడం? అమ్మ పొద్దుట్నుంచి నడిచి నడిచి అలిసిపోయింది. ముందు వేడిగా ఏదన్నా కడుపులో పడనీ, తర్వాత..."

"మీరుండండి." టైలరమ్మ కూతురి దగ్గరికి వెళ్ళి ఎదురుగా నేల మీద చతికిలబడింది. "ఎప్పుడొచ్చావు? ఏ వేళప్పుడు? సరిగ్గా గుర్తు చేసుకుని చెప్పు."

"గుర్తు చేసుకునేదేముంది? వీధిదీపాలు అప్పుడే వెలుగుతున్నాయి."

"వీధిదీపాలు వెలిగేటప్పటికి నేను ఇంట్లో లేనే."

చాకు ఆగింది.

"నువ్వెళ్ళిన వెంటనే నీ వెనకే వచ్చా. కాలికి చెప్పులు కూడా లేవు. బస్టాండులో ఒక్కో బస్సూ ఎక్కి చూశా. నీ స్నేహితురాలి ఇంటికెళ్ళా, వాళ్ళమ్మ నా కాళ్ళకి తుడుచుకోమని గుడ్డ ఇచ్చింది, కావాలంటే అడుగు. మీ కాలేజీ గేటుకి తాళం వేసుంటే దాన్ని పట్టుకుని లోపలికి నీ పేరు పెట్టి పిలిచా. వాచ్‌మన్ పిచ్చిదాన్ననుకున్నాడు. ఇంటికొచ్చేసరికి వీధి సద్దుమణిగిపోయింది. ఈయన కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. ఎవరన్నా వచ్చారా అని అడిగా. రాలేదన్నారు."

రేకుల మీద వాన పెద్దదైంది. పొయ్యిలో కట్టె విరిగి పడింది.

పిట్ట చాకుని జాగ్రత్తగా పక్కన పెట్టింది. తల్లి ముఖంలోకి చాలాసేపు చూసింది. ముఖంలో ఏదో వెతికింది, అది దొరకలేదు. తర్వాత మెల్లగా తండ్రి వైపు తిరిగింది. గొంతు చిన్నపిల్ల గొంతులా సన్నబడిపోయింది.

"నాన్నా, 'అమ్మ నా పక్కనే ఉంది, తియ్యొద్దని గడియకి అడ్డంగా నిలబడింది, పొమ్మంటోంది' అని తలుపు అవతలనుంచి నువ్వే కదా నాతో అన్నావు?"

మందులాయన విప్పిన బూటులోకి మళ్ళీ కాలు దూర్చి, లేసు కట్టుకుంటున్నాడు.